ఆక్యుపంక్చర్ సూదులు వేయించుకునే ముందు జాగ్రత్తలు

చైనా సంప్రదాయ వైద్యం ప్రకారం ‘చీ’ అనే ప్రాణశక్తి 12 ప్రధాన మార్గాల్లో ఒళ్లంతా తిరుగుతుంది, అది అడ్డుపడిన చోట జబ్బు, ఆ అడ్డు తీయడానికే సూదులు గుచ్చుతారు. శరీరాన్ని కోసి చూస్తే ఆ మార్గాలు కనబడవు. సూది మాత్రం నిజంగానే గుచ్చుకుంటుంది కాబట్టి:

– ఖాళీ కడుపుతో వెళ్లొద్దు, కళ్లు తిరుగుతాయి. కొంచెం టిఫిన్ చేసి వెళ్లండి. మొదటిసారైతే పడుకునే వేయించుకోండి.

– సీలు వేసిన ప్యాకెట్ మీ ఎదుటే చింపాలి. ఒకసారి వాడిన సూది మళ్లీ వాడకూడదు. ‘మరిగించాం’ అంటే లేచి వచ్చేయండి, మొహమాటం వద్దు.

– వార్ఫరిన్ లాంటి రక్తం పలచబరిచే మందులు వాడుతుంటే ముందే చెప్పండి. పేస్‌మేకర్ ఉంటే సూదులకు కరెంటు పెట్టించుకోవద్దు.

– గర్భిణులు నెల తప్పిన సంగతి దాచొద్దు. బొటనవేలు, చూపుడువేలు మధ్య కండలో ఉండే ‘హెగు’, చీలమండ పైన లోపలివైపు ఉండే ‘సాన్‌యిన్‌జియావో’ బిందువుల్ని గర్భవతులకు సంప్రదాయమే వద్దంటుంది.

– భుజాలు, ఛాతీ, వీపు పైభాగం దగ్గర బాగా శిక్షణ ఉన్న చెయ్యే పడాలి. సూది లోతుగా దిగితే ఊపిరితిత్తికి చిల్లు పడొచ్చు. అరుదే, కానీ జరుగుతుంది. ఇంటికొచ్చాక ఆయాసం, ఛాతీలో పోటు వస్తే ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి.

– నాలుక గీసుకోకుండా వెళ్లండి, జబ్బేమిటో తెలుసుకోవడానికి దాని మీది పూత చూస్తారు.

– గుచ్చినచోట బరువుగా, జివ్వుమన్నట్టు ఉంటే మామూలే. షాక్ కొట్టినట్టుంటే వెంటనే చెప్పండి.

– బీపీ, షుగర్ మాత్రలు ఆపేయమంటే ఒప్పుకోకండి.