సెబాగో సాల్మన్‌కి ఏ కాలంలో ఎక్కడ గాలం వేయాలి

మేం అమెరికాలోని మెయిన్ రాష్ట్రానికి వచ్చి పదకొండేళ్లయింది. ఏటా ఏప్రిల్ వస్తే చాలు, సెబాగో సరస్సులో మంచు ఎప్పుడు విడుతుందా అని రోజూ వెళ్లి చూసొస్తాను. ఇక్కడి సాల్మన్ చేప జాతిరీత్యా అట్లాంటిక్ సాల్మనే. కానీ ఏట్లో పుట్టి సరస్సులో పెరుగుతుంది. మా గోదావరి పులస సముద్రంలోంచి ఏటికి ఎదురీదుతుంది కదా, దీనికి సరస్సే సముద్రం.

దీన్ని పట్టాలంటే ముందు చల్లటి నీరు ఎంత లోతులో ఉందో, స్మెల్ట్ ఎక్కడుందో తెలియాలి. స్మెల్ట్ అంటే వెండిలా మెరిసే సన్నటి చిన్న చేప. సాల్మన్‌కి అదే అసలు తిండి.

మంచు విడగానే స్మెల్టులు గుడ్లు పెట్టడానికి వాగుల్లోకి ఎక్కుతాయి. వాగు సరస్సులో కలిసే చోట సాల్మన్ కాపు కాస్తుంది. అప్పుడు పైనీరు కూడా చల్లగానే ఉంటుంది, లోతుకి పోనక్కర్లేదు. పడవ నెమ్మదిగా నడుపుతూ వెనక గ్రే గోస్ట్ లాగండి. ఈకలతో కట్టే ఈ ఎరను క్యారీ స్టీవెన్స్ అనే ఆవిడ ఈ రాష్ట్రంలోనే, అప్పర్ డ్యామ్ దగ్గర తయారుచేశారు. తడిస్తే అచ్చం స్మెల్ట్‌లా ఉంటుంది. పడవకి 40 అడుగుల వెనక ఉన్నా చాలు, ఇంజన్ నురగకి ఈ చేప బెదరదు. రాడ్‌ని మాత్రం ఊరికే పట్టుకుని కూర్చోకండి. కాస్త ముందుకి గుంజి వదలండి. ఎర ఒక్క క్షణం తడబడి మళ్లీ కదులుతుంది చూడండి, చేప కొట్టేది ఎక్కువగా అప్పుడే. గాలికి చిన్న అలలు లేచిన రోజైతే ఇంకా మంచిది.

మొదటి ఏడాది జూలైలో కూడా ఇలాగే రెండు వారాలు పైపైనే లాగాను. ఒక్కటీ తగల్లేదు. చివరికి తాడుకి థర్మామీటర్ కట్టి దించి చూశాను. పైన 74 డిగ్రీల ఫారెన్‌హీట్, 45 అడుగుల దగ్గర 55. ఈ చేపకి 50, 60 మధ్య నీరు హాయి. అప్పటినుంచీ ఎండాకాలంలో లోపల సీసం తీగ ఉండే లైన్ వాడుతున్నాను. దానికి ప్రతి 10 గజాలకీ రంగు మారుతుంది. నెమ్మదిగా వెళ్తే ఒక్కో రంగుకీ సుమారు 5 అడుగులు దిగుతుందని నా లెక్క. ఈ కాలంలో పట్టి వదిలేద్దామనుకుంటే పైన వేడినీళ్లలో చేపని ఎక్కువసేపు ఆడించకండి, అలసిపోయి చచ్చిపోతుంది. నాకు అది చూడలేని బాధ.

చలికాలంలో మంచుకి కన్నం వేసి బతికున్న స్మెల్ట్‌ని కొన్ని అడుగుల లోతులోనే వేలాడదీయాలి. సాల్మన్ మంచు కిందే తిరుగుతుంది. గట్టి మంచు కనీసం 4 అంగుళాలు లేకపోతే అడుగు పెట్టకండి. సెబాగో మధ్యలో కొన్నేళ్లు సరిగ్గా గడ్డకట్టనే కట్టదు.

నాకు ప్రాణం మాత్రం శరదృతువే. చేపలు గుడ్లు పెట్టడానికి నదుల్లోకి ఎక్కుతాయి. గ్రాండ్ లేక్ స్ట్రీమ్ అనే ఏరు లాంటి చోట్ల ఫ్లై (ఈకలతో కట్టిన ఎర) తప్ప ఇంకే ఎరా వేయకూడదు. ఎన్ని పట్టొచ్చు, ఎంత పొడవుండాలి, ఎప్పటిదాకా అనేవి ఒక్కో నదికీ ఒక్కో తీరుగా ఉంటాయి. లైసెన్సుతో పాటు ఆ ఏడాది రూల్స్ కూడా చూసుకోండి. చేప గులకరాళ్లు తవ్వి గుడ్లు పెట్టిన చోట నేల శుభ్రంగా, తెల్లగా కనిపిస్తుంది. దాని మీద నడవకండి. మగచేపకి ఈ కాలంలో కింది దవడ కొక్కెంలా పైకి వంగి ఉంటుంది. పట్టిన చేపని వదిలేయాలంటే చేతులు తడుపుకుని, నీళ్లలోనే ఉంచి గాలం ఊడదీయండి. ప్రవాహానికి ఎదురుగా తల పెట్టి, పొట్ట కింద చెయ్యి ఆనించి ఉంచండి. మొప్పలు నిదానంగా ఆడతాయి. తోక ఒక్కసారి బిగిసి మీ వేళ్లని నెట్టినప్పుడు వదిలేయండి.