సూపర్‌వైజర్లు వేసే మార్కులు ఎంత సరిగ్గా ఉన్నాయో వీడియోలతో పరీక్షించడం ఎలా?

మీది నెల్లూరు దగ్గర రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్ అనుకోండి. పీలింగ్ హాల్లో ఒకే మనిషికి ఒక సూపర్‌వైజర్ అయిదుకి నాలుగు వేశాడు, ఇంకొకాయన రెండు వేశాడు. ఎవరిది సరైనదో తేల్చాలంటే ఆ పనికి అసలు ఎన్ని రావాలో ముందే తెలిసుండాలి. కాబట్టి జవాబు తెలిసిన పనిని మనమే తయారుచేసుకోవాలి. 1970లలో అమెరికాలో వాల్టర్ బోర్మన్ అనే మనస్తత్వవేత్త నటులతో వీడియోలు తీయించి చేసింది ఇదే.

ముందు మూడు అంశాలు పెట్టుకోండి: వేగం, శుభ్రత, ఐసు వాడకం. ఎలా చేస్తే 1, ఎలా చేస్తే 5 అన్నది రాసుకోండి. ‘బాగా చేస్తుంది’ అని రాస్తే లాభం లేదు. ‘ట్రేలో ఐసు కరిగిపోయినా పట్టించుకోదు’ అన్నట్టు కంటికి కనిపించేదే రాయాలి.

తర్వాత పని తెలిసిన మనిషితోనే, ఆమె ఒప్పుకుంటే, అయిదు నిమిషాలు నటింపజేసి ఫోన్లో తీయండి. మార్కులు కావాలనే ఎగుడుదిగుడుగా ఉండాలి. చేతులు చకచకా ఆడతాయి, కానీ సగం రొయ్యల్లో నరం అలాగే ఉంటుంది. కిందపడ్డ రొయ్యను కడగకుండానే ట్రేలో వేస్తుంది. వేగానికి 5, శుభ్రతకు 1. వేగం చూసి మురిసిపోయినవాళ్లు శుభ్రతకూ 4 వేసేస్తారు. 1920లో థార్న్‌డైక్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త సైనికాధికారులు వేసిన మార్కుల్లో పట్టుకున్న లోపం కూడా ఇలాంటిదే. చేతులు, ట్రే కనిపిస్తే చాలు. ముఖం కనిపిస్తే ‘మన ఊరి పిల్లే కదా’ అనే మొహమాటం మొదలవుతుంది.

ఇద్దరు ముగ్గురు సీనియర్లు వీడియోను ఆపి ఆపి చూసి, విడివిడిగా మార్కులు వేయాలి. వాళ్లకే పొంతన కుదరకపోతే వీడియో మళ్లీ తీయండి.

సూపర్‌వైజర్లకు మాత్రం ఒక్కసారే చూపించండి, మాట్లాడుకోనివ్వకండి. వాళ్ల మార్కులోంచి సీనియర్ల మార్కు తీసేయండి. తేడా అన్నిచోట్లా ప్లస్సే వస్తే చెయ్యి ధారాళం. ఒక్క శుభ్రతలోనే వస్తే చూపు అక్కడ తప్పుతోంది.

శిక్షణలో ‘అందరికీ ఒకేలా వేయకండి’ అని చెప్పి ఊరుకోవద్దు. అలా హెచ్చరిస్తే మార్కులు చెదురుతాయే గానీ సరైనవి కాకపోవచ్చని 1980లో బెర్నార్డిన్, పెన్స్ అనే పరిశోధకులు చూపించారు. వీడియో మళ్లీ వేసి, కిందపడ్డ రొయ్య దగ్గర ఆపి, ‘ఇది 1 ఎందుకు?’ అని వాళ్లతోనే చెప్పించండి. ఆ తర్వాతి పరీక్షకు కొత్త వీడియోలు వాడండి, పాతవైతే జవాబులు గుర్తుంటాయి.

వీడియోకి సరిగ్గా వేసినవాళ్లే ఇంక్రిమెంట్ల నెలలో అందరికీ నాలుగు వేస్తుంటే ఇంకో వీడియో చూపించి లాభం లేదు. ప్రతి మార్కు పక్కన, తాము కళ్లారా చూసిన పని ఒకటి, తేదీతో సహా రాయమనండి.