మ్యూకోసీల్‌కి ఎండోస్కోపిక్ సర్జరీ: తెరిచిన దారి మళ్లీ మూసుకోకుండా

సైనస్ నుంచి ముక్కులోకి వచ్చే దారి మూసుకుపోతే, లోపల ఊరే జిగురుతో సైనస్ మెల్లగా ఉబ్బిపోతుంది. అదే మ్యూకోసీల్. ఎక్కువగా నుదుటి వెనకుండే ఫ్రాంటల్ సైనస్‌లో వస్తుంది. కేన్సర్ కాదు గానీ, ఎముకను పలచబరిచి కంటిగూటిలోకి తోసుకొస్తుంది. అందుకే కన్ను ముందుకొచ్చిందనో, రెండుగా కనిపిస్తోందనో హైదరాబాద్‌లో సరోజినీ దేవి కంటి ఆసుపత్రికి వెళ్లినవాళ్లకి కోఠి ఈఎన్‌టీ (చెవి, ముక్కు, గొంతు) ఆసుపత్రికి పోవాల్సి రావచ్చు. చూపు హఠాత్తుగా మందగిస్తే మాత్రం ఓపీ రోజు కోసం ఆగొద్దు, వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లాలి.

సీటీ తీయించినప్పుడు ఫిల్ములతో సరిపెట్టుకోకండి, సీడీ కూడా అడిగి తీసుకోండి. ఆపరేషన్‌లో నావిగేషన్ (పరికరం లోపల ఎక్కడుందో తెర మీద చూపించే ఏర్పాటు) వాడాలంటే 1 మి.మీ. లేదా అంతకంటే సన్నటి స్లైసులుండే ఆ ఫైళ్లే కావాలి. మెదడు వైపో కంటి వైపో ఎముక కరిగినట్టు కనిపిస్తే ఎంఆర్‌ఐ కూడా రాస్తారు. ఎకోస్ప్రిన్, క్లోపిడోగ్రెల్ లాంటి రక్తం గడ్డకట్టకుండా చేసే మందులు వాడుతుంటే ముందే చెప్పండి. గుండె డాక్టర్ని అడక్కుండా వాటిని సొంతంగా ఆపేయడం రక్తం కారడం కంటే పెద్ద ప్రమాదం.

ఆపరేషన్ పూర్తి మత్తులో, ఎండోస్కోప్ అనే సన్నటి కెమెరా గొట్టంతో ముక్కు రంధ్రంలోంచే చేస్తారు. మ్యూకోసీల్ సంచిని పీకి బయటికి తీయరు. ముక్కు వైపు గోడను వెడల్పుగా తెరిచి, జిగురు లాగేసి, లోపలి పొరను కావాలనే ఉంచేస్తారు. ఎముక పోయినచోట ఆ పొర మెదడు పొరకో కంటి పొరకో అంటుకుని ఉంటుంది. పీకితే మెదడు నీరు కారొచ్చు. పైగా దారి తెరుచుకున్నాక ఆ పొరే మళ్లీ సైనస్‌ను శుభ్రం చేసుకుంటుంది.

ఆపరేషన్ తర్వాత మిగతాది చాలావరకు ఇంట్లో ముక్కును ఉప్పునీళ్లతో కడగడం మీదే ఉంటుంది. డాక్టర్ మొదలుపెట్టమన్న రోజు నుంచి, చెప్పినన్ని సార్లు చేయాలి. నల్లా నీళ్లు, బోరు నీళ్లు, ట్యాంకర్ నీళ్లు, ఆర్‌ఓ నీళ్లయినా సరే నేరుగా వాడొద్దు: కనీసం ఒక నిమిషం తెర్లనిచ్చి, గోరువెచ్చగా చల్లార్చాలి. లీటరుకి 9 గ్రాముల ఉప్పు, అయోడిన్ లేనిది. చెంచా లెక్కలు నమ్మలేకపోతే మెడికల్ షాపులో రెడీమేడ్ పొట్లాలు దొరుకుతాయి. ఉప్పు తక్కువైతే ముక్కు భగ్గుమంటుంది. సింక్ మీదికి వంగి, నోటితో ఊపిరి తీస్తూ, ముక్కు కడిగే సీసాను మెల్లగా నొక్కండి. గట్టిగా నొక్కినా, మధ్యలో గుటక వేసినా చెవులు దిబ్బడ వేస్తాయి. వాడిన ప్రతిసారీ సీసా కడిగి ఆరబెట్టాలి.

మొదటి రెండు వారాలు ముక్కు చీదొద్దు, బరువులెత్తొద్దు. తుమ్మొస్తే నోరు తెరిచి తుమ్మండి. తల ఎత్తుగా పెట్టుకుని పడుకోండి. కాస్త రక్తపు చారలు రావడం మామూలే. కానీ వంగినప్పుడు ఒక రంధ్రంలోంచి నీళ్లలా బొట్లు పడినా, కన్ను ఉబ్బి చూపు తగ్గినా, మెడ పట్టేసి జ్వరం వచ్చినా అర్ధరాత్రయినా సరే ఆసుపత్రికే.

క్లినిక్‌లో ముక్కు లోపల గట్టిపడిన చెక్కులు తీయించుకునే విజిట్లు ఎగ్గొట్టొద్దు. కొంచెం నొప్పిగా ఉంటుంది నిజమే, కానీ ఎండిన చెక్కుల కిందే మచ్చ కణజాలం పెరిగి దారిని బిగించేస్తుంది. మ్యూకోసీల్ ఏళ్ల తర్వాత కూడా తిరగబెట్టవచ్చు, కాబట్టి పాత సీటీ సీడీ, ఆపరేషన్ నోట్సు, డిశ్చార్జి కాగితం ఒకే కవర్లో పెట్టి, ప్రతి విజిట్‌కీ తీసుకెళ్లండి.