గాలం పాఠాలు – 3: తక్కువ ఖర్చులో తేలికపాటి ఎడమచేతి బెయిట్‌కాస్టర్

పోయిన పాఠంలో రాడ్ ఎంచుకున్నాం: ఆరున్నర అడుగుల మీడియం కాస్టింగ్ రాడ్, లైన్ వెళ్లే రింగులన్నీ పైవైపు, చూపుడువేలు పట్టుకి కింద ట్రిగ్గర్. ఈసారి దాని నెత్తిన కూర్చునే రీల్ సంగతి: బెయిట్‌కాస్టర్, అంటే ఎర విసిరినప్పుడు లైన్ చుట్టిన స్పూలే తిరుగుతూ లైన్ వదిలే రీల్. ఈ పాఠాలు చెన్నైలో ఉంటూ ఆదివారం ముట్టుకాడు బ్యాక్‌వాటర్‌లో పండుగప్ప కోసమో, అనుమతి ఉన్న చెరువుల్లో కొర్రమీను కోసమో వెళ్లేవాళ్లని దృష్టిలో పెట్టుకుని రాస్తున్నవి. కాబట్టి మనం విసిరే ఎర 10 నుంచి 15 గ్రాముల ఫ్రాగ్ (కప్పబొమ్మ) లేదా చేపబొమ్మ, రీల్‌కి పెట్టే ఖర్చు 5 వేలకు కాస్త అటూ ఇటూ అనుకుందాం. 7 గ్రాములకన్నా తేలికైన ఎరలే మీ ఇష్టమైతే ఈ డబ్బుతో మంచి స్పిన్నింగ్ రీల్ (రాడ్ కింద వేలాడేది, విసిరినప్పుడు స్పూల్ తిరగనిది) కొనుక్కోండి. అంత చిన్న ఎరల్ని విసిరే బెయిట్‌కాస్టర్లు వేరే జాతి, వాటి ధరా వేరే.

ధర చూసేముందు చెయ్యి సంగతి తేల్చుకోవాలి. షాపులో గానీ ఆన్‌లైన్‌లో గానీ లెఫ్ట్ హ్యాండ్ రీల్ అంటే హ్యాండిల్ ఎడమవైపు ఉన్న రీల్ అని, అంతే. కొనేవాడి చేతివాటంతో దానికి సంబంధం లేదు. వేళచ్చేరిలో ఉండే మా మేనల్లుడిది పుర్రచేతివాటం. మొన్న ఫోన్ పట్టుకుని వచ్చాడు.

"మామయ్యా, నాది ఎడమచెయ్యి కదా, లెఫ్ట్ హ్యాండ్ రీల్ ఆర్డర్ పెట్టేస్తున్నా."

"ఆగరా. రాడ్ ఏ చేత్తో విసురుతావు?"

"ఎడమ చేత్తోనే."

"విసిరాక హ్యాండిల్ తిప్పడానికి ఖాళీగా ఉండే చెయ్యేది?"

కాసేపు తన చేతులే చూసుకుని ఆర్డర్ తీసేశాడు. వాడికి కావలసింది మామూలు కుడిచేతి రీల్. పైగా అది ప్రతి షాపులోనూ దొరుకుతుంది, బేరానికీ వస్తుంది. ఎడమ హ్యాండిల్ రీల్ నిజానికి ఎక్కువగా పనికొచ్చేది కుడిచేత్తో విసిరేవాళ్లకి. కుడిచేత్తో విసిరి, రాడ్‌ని ఆ చేతిలోనే ఉంచుకుని, ఎడమచేత్తో చుట్టేయొచ్చు. పాత అలవాటు ప్రకారం అయితే కుడిచేత్తో విసిరి, రాడ్‌ని ఎడమచేతికి మార్చుకుని, మళ్లీ కుడిచేత్తోనే తిప్పేవారు. దశాబ్దాలుగా అలాగే పట్టినవాళ్లున్నారు, వాళ్లకి చేపలు పడకుండా పోలేదు. కానీ పండుగప్ప చాలాసార్లు ఎర నీళ్లని తాకిన క్షణంలోనే కొడుతుంది. సరిగ్గా అప్పుడే మీరు చేతులు మార్చుకుంటూ ఉంటే లైన్ వదులుగా ఉంటుంది, గాలం గుచ్చుకోదు. అందుకని కొత్తగా మొదలుపెట్టే కుడిచేతివాళ్లకి నేను ఎడమ హ్యాండిలే చెబుతాను. స్పిన్నింగ్ రీల్ నుంచి వచ్చినవాళ్లయితే ఎడమచేత్తో తిప్పడం ఇప్పటికే అలవాటు.

స్పిన్నింగ్ రీల్‌లో హ్యాండిల్ ఊడదీసి రెండోవైపు బిగించుకోవచ్చు. బెయిట్‌కాస్టర్‌లో ఆ పప్పులుడకవు. పెద్ద గేరు, డ్రాగ్‌ని (చేప ఎంత బలంగా లాగితే లైన్ జారాలో ఆ పట్టుని) బిగించే నక్షత్రం ఆకారపు చక్రం, అన్నీ హ్యాండిల్ వైపే ఉంటాయి. తప్పు వైపుది కొంటే దాన్ని అమ్మేయడం తప్ప దారి లేదు. కనుక కొనేముందు ఇంట్లో ఒక పని చేయండి. రీల్ లేని ఉత్త రాడ్ పట్టుకుని రెండు చేతుల్తోనూ ఉత్తుత్తిగా విసిరి చూడండి. ఏ చేతి మణికట్టు సులువుగా ఆడుతోందో అది విసిరే చెయ్యి. హ్యాండిల్ రెండో చేతివైపు ఉండాలి.

ఆన్‌లైన్‌లో ఇంకో తికమక ఉంది. రీల్ ఫొటోని ఎక్కువగా ముందునుంచి, అంటే లైన్ బయటికి వచ్చే వైపు నుంచి తీస్తారు. అలా తీసిన ఫొటోలో ఎడమచేతి రీల్ హ్యాండిల్ మనకి కుడివైపు కనిపిస్తుంది. లైన్ బయటికి వచ్చే గైడ్ మీకు అవతలివైపు ఉన్నట్టు ఊహించుకుని అప్పుడు హ్యాండిల్ ఎటుందో చూడాలి. అంతకన్నా నమ్మకమైనది మోడల్ నంబర్. షిమానోలో చివరి అంకె 0 అయితే కుడి, 1 అయితే ఎడమ: 150 కుడిది, 151 ఎడమది. డైవా వాళ్లు పేరు చివర ఎల్ అక్షరం చేరుస్తారు. ఆబు గార్సియా లో-ప్రొఫైల్ (ఎత్తు తక్కువగా, చదునుగా ఉండే) రీళ్లకీ ఎల్ ఉంటుంది, వాళ్ల పాత గుండ్రటి రీళ్లలో మాత్రం 6500 కుడి, 6501 ఎడమ. ఊరూపేరూ తెలియని బ్రాండ్లలో ఒకే పేజీలో రెండు వైపులవీ అమ్ముతారు, ఆర్డర్ చేసేటప్పుడు ఎంపిక దానంతటదే కుడికి ఉండిపోతుంది. డబ్బు కట్టేముందు ఒకసారి చూసుకోండి.

ఇక బరువు. చేతిలో రోజంతా మోయడానికి 200 గ్రాముల లోపు రీల్ తేలికైనదే అనుకోవచ్చు. పాత గుండ్రటి లోహపు రీళ్లు 300 గ్రాముల దాకా, కొన్ని అంతకుమించి తూగుతాయి. బెయిట్‌కాస్టర్‌ని అరచేతిలో ఇముడ్చుకుని పట్టుకుంటాం కాబట్టి మూడు గంటలయ్యేసరికి ఆ తేడా మణికట్టుకి తెలుస్తుంది. కానీ 205 గ్రాముల రీల్‌కీ 175 గ్రాముల రీల్‌కీ ఉన్న తేడా కోసం రెట్టింపు ధర పెట్టమని నేను చెప్పను. ఆ 30 గ్రాములు మన స్థాయిలో లెక్కలోకి రావు.

లెక్కలోకి వచ్చే బరువు వేరే ఉంది. విసిరినప్పుడు గిర్రున తిరిగే స్పూల్ బరువు, దాని మీద చుట్టిన లైన్ బరువు. విసిరిన ఎరే స్పూల్‌ని తిప్పాలి కాబట్టి తిరిగేది ఎంత బరువుంటే అంత మొండికేస్తుంది, ఒకసారి తిరగడం మొదలయ్యాక ఆపడమూ అంతే కష్టం. 0.35 మిల్లీమీటర్ల నైలాన్ లైన్ 100 మీటర్లు దాదాపు 11 గ్రాములు తూగుతుంది. చిన్న లో-ప్రొఫైల్ రీల్‌లో ఖాళీ స్పూల్ బరువూ సుమారు అంతే, లేదా కాస్త ఎక్కువ. 150 మీటర్లు పడుతుందని నిండా చుట్టేస్తే లైనే 16 గ్రాములు. మనం విసిరే దూరం 30, 40 మీటర్లు. బ్యాక్‌వాటర్‌లో పండుగప్ప పరిగెత్తినా 100 మీటర్లు సరిపోతుంది. 50 మీటర్లు తగ్గిస్తే పైసా ఖర్చు లేకుండా స్పూల్ తేలికవుతుంది. అల్లిన లైన్ ఇంకా తేలిక, 0.23 మిల్లీమీటర్లది 100 మీటర్లకి 4 గ్రాములే. అయినా మొదటి రెండు నెలలూ నైలాన్‌తోనే నేర్చుకోండి. అల్లిన లైన్‌లో చిక్కు పడితే విప్పడం కన్నా కత్తిరించడమే తొందరగా అవుతుంది, దాని ధర మీకు తెలిసిందే.

చిక్కు మాట వచ్చింది కాబట్టి బ్రేకుల దగ్గర కాస్త ఆగుదాం. 5 వేలలో కొనే రీల్‌లో డబ్బు నిజంగా ఎక్కడికి వెళ్లాలంటే ఇక్కడికే. ఎర గాల్లో వేగం తగ్గుతున్నా స్పూల్ అదే వేగంతో తిరుగుతూ ఉంటే, బయటికి వెళ్లాల్సిన లైన్ కన్నా ఎక్కువ లైన్ వదులై స్పూల్ మీదే గూడు కట్టుకుంటుంది. దీన్ని అడ్డుకునేవి మూడు. మొదటిది హ్యాండిల్ పక్కనే ఉండే టెన్షన్ నాబ్, అది స్పూల్ ఇరుసుని నొక్కి పట్టుకుంటుంది. మూడోది మీ బొటనవేలు. రెండోది లోపలి బ్రేకు, కొనేటప్పుడు చూడాల్సింది దాన్నే.

ఆ బ్రేకుల్లో రెండు రకాలు. సెంట్రిఫ్యూగల్ బ్రేకులో స్పూల్ పక్కన చిన్న ప్లాస్టిక్ దిమ్మలు ఉంటాయి. స్పూల్ జోరుగా తిరిగినప్పుడు అవి బయటికి జరిగి పళ్లేనికి రాసుకుంటాయి. వేగం ఎక్కువగా ఉన్నప్పుడు గట్టిగా పట్టి, తగ్గేకొద్దీ వదిలేస్తాయి కాబట్టి చెయ్యి తిరిగినవాళ్లకి దూరం బాగా వస్తుంది. అయితే మామూలు రకంలో దాన్ని మార్చాలంటే పక్క మూత తీసి దిమ్మల్ని లోపలికీ బయటికీ జరపాలి. మ్యాగ్నెటిక్ బ్రేకులో స్పూల్‌ని ఏదీ తాకదు. అల్యూమినియం స్పూల్ అయస్కాంతాల దగ్గర తిరిగేటప్పుడు అందులో పుట్టే కరెంటు సుళ్లే దాన్ని వెనక్కి లాగుతాయి. బయట ఒక డయల్ తిప్పితే అయస్కాంతాలు దగ్గరికో దూరానికో జరుగుతాయి, అంతే పని.

నా ఓటు మ్యాగ్నెటిక్‌కి, అందులోనూ బయట డయల్ ఉన్నదానికి. ముట్టుకాడులో పొద్దున నీళ్లు నిలకడగా ఉంటాయి, మధ్యాహ్నానికి సముద్రపు గాలి ఎదురు కొట్టడం మొదలవుతుంది. పొద్దున డయల్ 4 మీద బాగా వెళ్లిన ఎరకి మధ్యాహ్నం 7 పెట్టాలి. ఒడ్డున ఇసుకలో నిలబడి, చేతులు తడిగా ఉండగా మూత విప్పి గింజంత దిమ్మల్ని కదపడం కొత్తవాళ్లకి చిరాకే. ఆబు గార్సియా బ్లాక్ మ్యాక్స్ ఈ తరహా రీలే, మ్యాగ్నెటిక్ బ్రేకు, గ్రాఫైట్ (కార్బన్ కలిపిన ప్లాస్టిక్) ఫ్రేమ్. దాని ఎడమచేతి రకం షాపులో లేకపోతే తెప్పించమనండి. కుడిది చేతికిచ్చి "రెండూ ఒకటే సార్" అంటే మాత్రం ఒప్పుకోకండి.

గేర్ నిష్పత్తి. 7.1:1 అంటే హ్యాండిల్ ఒక చుట్టు తిప్పితే స్పూల్ 7.1 చుట్లు తిరుగుతుంది. కానీ ఒక చుట్టుకి ఎంత లైన్ లోపలికి వస్తుందనేది స్పూల్ వ్యాసం మీద కూడా ఆధారపడుతుంది. నిండుగా ఉన్న స్పూల్ వ్యాసం 34 మిల్లీమీటర్లైతే చుట్టుకొలత 107 మిల్లీమీటర్లు, దాన్ని 7.1తో హెచ్చిస్తే 76 సెంటీమీటర్లు. లైన్ వెళ్లిపోయి వ్యాసం 28కి దిగితే అదే రీల్ 62 సెంటీమీటర్లే చుడుతుంది. 5.4:1 రీల్ నిండుగా ఉన్నా 58 దాటదు. ఫ్రాగ్ ఆడించేటప్పుడు లైన్ వదులుని గబగబా లాక్కోవాలి, కొర్రమీను గడ్డిలోకి దూరేలోపే బయటికి ఈడ్చాలి. కాబట్టి మనకి 6.3 నుంచి 7.3 మధ్య ఏదైనా బాగుంటుంది. 8 పైన ఉన్నవి వేగమే గానీ తిప్పడానికి బరువు, చవక రీళ్లలో ఆ బరువు ఇంకా తెలుస్తుంది.

బేరింగులు ఇన్ని అని డబ్బా మీద పెద్ద అక్షరాల్లో ఉంటుంది. 18+1 అని చూసి మురిసిపోకండి. నాలుగైదు మంచివి చాలు, చవక బేరింగులు ఎన్ని ఉంటే తుప్పు పట్టడానికి అన్ని చోట్లు. గరిష్ఠ డ్రాగ్ 8 కిలోలు అనేదీ అంతే. 20 పౌండ్ల లైన్ దాదాపు 9 కిలోలు ఆగుతుంది, డ్రాగ్‌ని అందులో పావు నుంచి మూడో వంతుకి పెడతాం, అంటే 3 కిలోలు దాటదు. మిగతా 5 కిలోలకి మీరెందుకు డబ్బివ్వాలి?

ఫ్రేమ్ విషయంలో చెన్నై వాళ్లకి ఒక లాభం చెబుతాను. తిరువాన్మియూర్‌లో బాల్కనీ గ్రిల్‌కి ఏటా రంగు వేయించేవాళ్లకి ఉప్పుగాలి సంగతి వేరే చెప్పక్కర్లేదు. గ్రాఫైట్ ఫ్రేమ్ తేలిక, చవక, తుప్పు పట్టదు. పెద్ద చేప లాగితే కొంచెం వంగుతుంది, గేర్లు కరకరమంటాయి. అల్యూమినియం ఫ్రేమ్ వంగదు, కానీ పైపూత గీసుకుపోయిన చోట ఉప్పు తినేస్తుంది. 3 కిలోల డ్రాగ్‌తో పట్టేవాళ్లకి గ్రాఫైట్ చాలు. ఏదైనా సరే, ఇంటికొచ్చి డ్రాగ్ బిగించి, కుళాయి ధార కింద కాకుండా మంచినీళ్లు మెల్లగా పోసి కడగాలి. ధారగా కొడితే ఉప్పు ఇంకా లోపలికి పోతుంది.

షాపులో రీల్ చేతికొచ్చాక తొందరపడకండి. బొటనవేలి మీట నొక్కి స్పూల్‌ని వేలితో తిప్పి వదిలి, చెవి దగ్గర పెట్టుకుని వినండి. సన్నని రొద మామూలే, మధ్యమధ్యలో టక్కుమనకూడదు. టెన్షన్ నాబ్ వదులు చేస్తే స్పూల్ పక్కలకి కాస్త కదులుతుంది, మెల్లగా బిగిస్తూ పోతే ఒకచోట ఆ కదలిక ఆగిపోవాలి. ఆగకుండా నాబ్ చివరికి వచ్చేస్తే ఆ పీస్ వద్దు. హ్యాండిల్‌ని ముందుకి తిప్పి చప్పున వెనక్కి అనండి, వెనక్కి ఏమాత్రం తిరగకూడదు. తిప్పుతున్నంతసేపూ లైన్ గైడ్ ఈ చివరినుంచి ఆ చివరిదాకా ఎక్కడా తడబడకుండా వెళ్లి రావాలి. ఆఖరికి ఎడమచేత్తో హ్యాండిల్ పట్టుకుని, కుడి అరచేతిలో రీల్‌ని ఇముడ్చుకోండి. ఎడమచేతి రీల్‌లో బ్రేకు డయల్ కుడివైపు, సరిగ్గా అరచేతి కింద ఉంటుంది. అది మరీ వదులుగా ఉంటే ఆడేటప్పుడు అరచెయ్యి రాసుకుని దానంతటదే తిరిగిపోతుంది. ఈ ఒక్కటీ ఏ డబ్బా మీదా రాసి ఉండదు.

నాలుగో పాఠానికి రీల్‌తో పాటు 0.35 నైలాన్ 100 మీటర్లు, గాలం లేని 12 గ్రాముల బరువొకటి సిద్ధం చేసుకోండి. లైన్‌ని స్పూల్ అంచుదాకా నింపకండి, 2, 3 మిల్లీమీటర్లు ఖాళీ వదలండి. బ్రేకు డయల్‌ని గరిష్ఠానికి తిప్పి ఉంచండి, అక్కడి నుంచే మొదలుపెడతాం.