పెరటి బొమ్మ ఒక్కటి చాలు: పిల్లలకు లెక్క, పోలిక, స్థానం నేర్పే పద్ధతి

ఒకటి నుంచి ఇరవై వరకు గడగడా చెప్పే నాలుగేళ్ల పాప ముందు ఐదు కోడిపిల్లలున్న బొమ్మ పెట్టి ఎన్ని ఉన్నాయో అడిగితే, ఏడు అని చెప్పడం నేను చూశాను. వేలు ఒక కోడిపిల్ల మీద ఉండగానే నోరు రెండు అంకెలు దాటిపోయింది. అంకెలు ఆమెకు పాటలా వచ్చాయి గాని, ఒక్కో వస్తువుకు ఒక్కో అంకె అన్న సంగతి ఇంకా అందలేదు. ఆ సంగతి నేర్పడానికి బొమ్మ మంచి సాధనం.

మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు, అంగన్‌వాడీలోనైనా ఇంట్లోనైనా, మీరు చేత్తో గీసిన పెరటి బొమ్మ సరిపోతుంది. మామిడిచెట్టు, దాని కింద ఆవు, దూడ, గంప లోపల కోడి, బయట ఐదు కోడిపిల్లలు, అరుగు మీద ముగ్గురు పిల్లలు, కొమ్మ మీద ఖాళీ గూడు గీయండి. వేటికవి విడిగా ఉండాలి. కిక్కిరిసిన బొమ్మలో పెద్దలకే లెక్క తప్పుతుంది.

ముందు స్థానాన్ని తెలిపే మాటలు నేర్పండి. అవి కూడా బొమ్మలో కంటే ముందు ఒంటికి తెలియాలి కాబట్టి, మంచం కిందికి దూరమని, తలుపు వెనక దాక్కోమని చెప్పి, ఆ తర్వాతే బొమ్మ తీయండి. "కోడి ఎక్కడుంది?" అంటే పిల్లవాడు వేలు చూపి "అక్కడ" అంటాడు. అది తప్పు అనకుండా, "గంప లోపలా, బయటా?" అని రెండు మాటలు అందించండి. లోపల, బయట, మీద, కింద త్వరగానే వస్తాయి. ముందు, వెనక అన్నవి కొంచెం చిక్కు. ఆవుకు ముఖం ఉంది కనుక దాని ముందు ఏముందో తెలుస్తుంది. చెట్టుకు ముఖం లేదు కనుక చూసేవాడు నిలబడిన చోటును బట్టి చెప్పాలి. అందుకే ముఖమున్న వాటితో మొదలుపెట్టండి. కుడి, ఎడమలను తొందరపడి నేర్పవద్దు. మనకు ఎదురుగా నిలబడిన మనిషి కుడిచెయ్యి బొమ్మలో మన ఎడమవైపు ఉంటుంది.

పోలికకు వచ్చేసరికి "పెద్ద" అన్న ఒక్క మాటతో సరిపెట్టవద్దు. చెట్టు ఎత్తు, తాడు పొడవు, మొద్దు లావు. "ఆవు దూడకంటే పెద్దది" అన్న వెంటనే "దూడ ఆవుకంటే చిన్నది" అని తిప్పి చెప్పించండి. దూరాన ఉన్న ఆవును చిన్నగా గీసిన బొమ్మను పోలికకు వాడకండి, ఎందుకంటే దూరం వల్ల చిన్నగా కనిపిస్తోందని ఆ వయసు పిల్లలకు తట్టకపోవచ్చు. పెద్దకూ ఎక్కువకూ తేడా చూపడానికి నాలుగు గుమ్మడికాయలు, ఆరు నిమ్మకాయలు గీయండి. కొందరు పిల్లలు గుమ్మడికాయలే ఎక్కువనవచ్చు. అప్పుడు ఒక్కో గుమ్మడికాయ నుంచి ఒక్కో నిమ్మకాయకు గీత గీయిస్తే, జత దొరకని రెండు నిమ్మకాయలే జవాబు చెబుతాయి. స్విట్జర్లాండ్ మనస్తత్వవేత్త జీన్ పియాజే గమనించినట్టు, వరుసను ఎడంగా పరిస్తే అవే వస్తువులు ఎక్కువయ్యాయని చిన్నపిల్లలు అనుకుంటారు. కాబట్టి అవే గింజలను దగ్గరగా, ఎడంగా పేర్చి చూపడం కూడా అవసరం.

లెక్కలో అసలు ఇబ్బంది ఏమిటంటే, బొమ్మలోని వస్తువును పక్కకు జరపలేం, దేన్ని లెక్కపెట్టామో గుర్తుండదు. ఒక్కో కోడిపిల్ల మీద ఒక్కో చింతపిక్క పెట్టించి, పెట్టినప్పుడల్లా అంకె చెప్పించండి. (పిక్కలు నోట్లో, ముక్కులో పెట్టుకోకుండా పక్కనే ఉండి చూసుకోవాలి.) అయ్యాక "మొత్తం ఎన్ని?" అని అడగండి. "ఐదు" అంటే సరే. మళ్లీ ఒకటి నుంచి మొదలుపెడితే, చివర పలికిన అంకే మొత్తమని ఇంకా తెలియలేదన్నమాట, కొన్నాళ్లు మూడు వస్తువులతోనే సాగండి.

మన భాషలో మనుషుల లెక్క వేరు. కోడిపిల్లలు ఐదు, అరుగు మీది పిల్లలు ముగ్గురు. ఒకరు, ఇద్దరు, ముగ్గురు, నలుగురు అన్న వరుసను విడిగా పలికించండి; "మూడు అమ్మాయిలు" అంటే కోప్పడకుండా "అవును, ముగ్గురు అమ్మాయిలు" అని సరిగా చెప్పి వినిపించండి. చివరగా ఖాళీ గూడు చూపి ఎన్ని గుడ్లున్నాయో అడగండి. "ఒక్కటీ లేదు" అన్నప్పుడు దాని పేరు సున్న అని చెప్పవచ్చు.

రోజుకు పది నిమిషాలు మించవద్దు. నాలుగైదు రోజులయ్యాక, కోడి గంప మీద ఉందని మీరే కావాలని తప్పు చెప్పి, పిల్లవాడు దిద్దే వరకు ఆగండి.