సూపర్ మార్కెట్ వచ్చిన ఊళ్లో కిరాణా కొట్టు నిలబెట్టుకోవడం ఎలా?

శ్రీకాకుళం పాలకొండ రోడ్డు దగ్గర ఒక సందులో మా నాన్న పెట్టిన కొట్టును ఇప్పుడు నేను చూసుకుంటున్నాను. మెయిన్ రోడ్డు మీద ఏసీ సూపర్ మార్కెట్ తెరిచాక మాకు నెల సరుకుల చీటీలు సగానికి పడిపోయాయి. కంగారుపడి నేను కూడా ధరలు తగ్గించాను. మూడు నెలలు తిరిగేసరికి స్టాకిస్టుకు, అంటే కంపెనీ సరుకు మాకు హోల్‌సేల్‌గా వేసేవాడికి, కట్టడానికి డబ్బు లేదు. ఆ తర్వాత ఒక్కొక్కటిగా మార్చుకుంటూ వచ్చినవే ఇక్కడ రాస్తున్నాను. ఇలాంటి కొట్టు నడిపేవాళ్లు ఇచ్ఛాపురం నుంచి రాజాం దాకా ఎంతోమంది ఉన్నారు, వాళ్లకు పనికొస్తే చాలు.

ముందు ఒక వారం రాసుకోండి

ఎవరు ఏం కొన్నారో, ఏం అడిగి లేదంటే వెళ్లిపోయారో ఒక పుస్తకంలో రాయండి. మా లెక్కలో తేలింది ఇదీ: అయిదు లీటర్ల నూనె డబ్బాలు, పెద్ద డిటర్జెంట్ ప్యాకెట్లు, సబ్బుల సెట్ల అమ్మకాలు పోయాయి. పాలు, గుడ్లు, పావుకిలో పప్పు, ఇడ్లీ రవ్వ, షాంపూ ప్యాకెట్లు మాత్రం అలాగే ఉన్నాయి. రోజుకూలి మీద బతికే ఇల్లు నెలకు సరిపడా సరుకు ఒకేసారి కొనలేదు. ఆ ఇంటికి కావలసింది ఈ పూట సరుకు, అదీ నడిచి వెళ్లేంత దూరంలో. మీ బలం అక్కడుంది.

కంపెనీ సరుకులో ధర పోటీకి దిగకండి

2002లో మొదలైన డీమార్ట్ చాలాచోట్ల షాపు స్థలం సొంతంగా కొనుక్కుంటుంది, అద్దె భారం ఉండదు. సరఫరాదారులకు డబ్బు త్వరగా కట్టేసి ధర తగ్గించుకుంటుంది. ఆ ధరకు మనం అమ్మితే నష్టం ఖాయం. కానీ ఆ రెండో అలవాటు మనమూ నేర్చుకోవచ్చు. సేల్స్‌మ్యాన్‌ని అడగండి, వెంటనే డబ్బు కడితే ఎంత తగ్గిస్తారని. చాలామంది ఎంతో కొంత తగ్గిస్తారు. కంపెనీ స్కీమ్ ఉందని పది పెట్టెలు ఒకేసారి దించుకోవడం మాత్రం మానేయండి.

ఇక్కడ ఒక లెక్క చూడండి. 10,000 రూపాయల సరుకు మీద 5 శాతమే మిగులుతుంది, కానీ నెలకు నాలుగుసార్లు అమ్ముడుపోతుంది. అంటే నెలకు 2,000. ఇంకో 10,000 సరుకు మీద 15 శాతం మిగులుతుంది, కానీ అమ్ముడయ్యేసరికి రెండు నెలలు పడుతుంది. నెలకు 750 మాత్రమే. మార్జిన్ చూసి మురిసిపోకండి, సరుకు ఎన్నిసార్లు తిరుగుతోందో చూడండి.

మన జిల్లా సరుకు తెలిసి అమ్మండి

చోళ్లు (రాగులు), పెసలు, నువ్వులు, బెల్లం, చింతపండు ఎక్కడివో, కొత్తవో పాతవో చెప్పగలిగితే మనిషి మళ్లీ వస్తాడు. ముఖ్యంగా జీడిపప్పు. పలాస మన జిల్లాలోనే ఉంది, అయినా గ్రేడు నంబర్ల గురించి అడిగితే చాలా కొట్లలో జవాబు దొరకదు. 320 రకం అంటే ఒక పౌనుకు, అంటే సుమారు 454 గ్రాములకు, 300 నుంచి 320 గింజలు తూగుతాయి. 240 అంటే 220 నుంచి 240, కాబట్టి గింజ పెద్దది, ధర ఎక్కువ. పాయసానికైతే బద్ద చాలని మీరే చెప్పండి. తక్కువ ధరది మీ నోటితో చెప్పారంటే రెండోసారి ఆ ఇంటివాళ్లు మిమ్మల్నే అడుగుతారు.

కౌంటర్ వెనక దాచకండి

కొనేవాళ్లే లోపలికి వచ్చి సరుకు తీసుకునే పద్ధతి 1916లో అమెరికాలోని మెంఫిస్‌లో ఒక కిరాణా షాపుతో మొదలైంది. చేతికి అందితే చీటీలో లేనివి కూడా కొంటారు. మొత్తం మార్చక్కర్లేదు, ఒక గోడకు ర్యాకులు కొట్టిస్తే చాలు. ఎక్స్‌పైరీ దగ్గరపడినవి ముందుకు, కొత్తవి వెనక్కి. కాటా అంకెలు కొనేవాళ్లకు కనబడేలా తిప్పండి, తూనికలు కొలతల శాఖ ముద్ర ఏటా వేయించండి.

అరువు: మానేయకండి, పద్ధతి పెట్టండి

సూపర్ మార్కెట్ ఇవ్వనిది ఇదొక్కటే. కొట్టు మునిగేదీ దీనివల్లే. నేను నేర్చుకున్నది ఏంటంటే, అందరికీ ఒకే గడువు పెట్టకూడదు. జీతగాళ్లకు నెల మొదటి వారం. కూలివాళ్లకు వారం వారం. వరి రైతులకు ధాన్యం డబ్బు పడే సంక్రాంతి రోజులు. కళింగపట్నం వైపు మత్స్యకారులకు ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం, ఇంజను పడవ కదలదు. ఆ రెండు నెలలూ బాకీ అడిగితే ఎవరిస్తారు? బియ్యం, పప్పు, నూనె వరకే ఇచ్చి, జూలైలో కొంచెం కొంచెంగా తీసుకోండి.

ఒక్కో ఇంటికి పరిమితి ముందే చెప్పండి. అరువు రాసిన ప్రతిసారీ ఆ పేజీ ఫొటో తీసి వాళ్ల ఫోన్‌కు పంపండి, తర్వాత మాట తేడా రాదు. గడువు దాటితే నలుగురిలో అడగకండి. సాయంత్రం ఇంటికెళ్లి, "పిన్నీ, ఈ వారం ఎంత వీలవుతుంది?" అని అడగండి. ఎంతిచ్చినా తీసుకుని, పుస్తకంలో అంత బాకీ వాళ్ల ముందే కొట్టేయండి. మా పాత బాకీల్లో ఎక్కువ భాగం ఇలాగే వసూలయ్యాయి.

కాగితాలు

తినే సరుకు అమ్మడానికి ఫుడ్ రిజిస్ట్రేషన్ (ఎఫ్ఎస్ఎస్ఏఐ) లేదా లైసెన్సు తప్పనిసరి. జీఎస్టీ పరిధిలోకి వచ్చే కొట్టయితే, ఏడాది టర్నోవర్ కోటిన్నర లోపు ఉన్నవాళ్లకు అమ్మకాల మీద 1 శాతం పన్ను కట్టే కాంపోజిషన్ పద్ధతి ఉంది. మీకు వర్తిస్తుందో లేదో ఆడిటర్‌ని అడగండి. యూపీఐ డబ్బు ఇంటి ఖాతాలో కాకుండా కొట్టు ఖాతాలో పడేలా చూసుకోండి, లేకపోతే లాభం ఎంతో ఎప్పటికీ తెలియదు.

మూడు నెలల తర్వాత మళ్లీ ఒక వారం రాయండి. మొదటిసారి నెల ఆఖరి వారం రాసి ఉంటే ఇప్పుడూ ఆఖరి వారమే రాయండి. దాన్ని నెల మొదటి వారంతో పోల్చారంటే జీతాల అమ్మకం చూసి కొట్టు బాగుపడిందని పొరబడతారు.