హార్డ్ డిస్కు మార్చాక ఐమ్యాక్ ఫ్యాను హోరు తగ్గడం లేదా?

చెన్నైలో ఎలక్ట్రానిక్స్ దొరికే రిచీ స్ట్రీట్‌లో కొత్త హార్డ్ డిస్కు కొని, పాత ఐమ్యాక్‌లో బిగించారు. కంప్యూటర్ చక్కగా తెరుచుకుంది, ఫైళ్లూ పదిలంగా ఉన్నాయి. కానీ కొన్ని నిమిషాలకే ఫ్యాను మొదలుపెట్టిన హోరు ఇక ఆగలేదు. తర్వాత జరిగేది నాకు తెలుసు: థర్మల్ పేస్టు, కొత్త ఫ్యాను కొనడానికి మళ్లీ అదే వీధికి. కాస్త ఆగండి. అసలు హోరెత్తుతున్నది ఏ ఫ్యాను? ఈ ప్రశ్న అడిగితే పదిమందిలో తొమ్మిదిమంది తెల్లముఖం వేస్తారు.

2009 నుంచి 2011 దాకా వచ్చిన ఐమ్యాక్‌లలో మూడు ఫ్యాన్లుంటాయి: ప్రాసెసర్‌కు ఒకటి, డీవీడీ డ్రైవుకు ఒకటి, హార్డ్ డిస్కుకు ఒకటి. మ్యాక్స్ ఫ్యాన్ కంట్రోల్ అనే ఉచిత ప్రోగ్రాం పెట్టుకుంటే మూడింటి వేగమూ విడివిడిగా కనిపిస్తుంది.

ప్రాసెసర్ ఫ్యాను ఒక్కటే పెరిగితే, మ్యాక్‌లో ఫైళ్లను వెతికిపెట్టే స్పాట్‌లైట్ కొత్త డిస్కులోని ఫైళ్లకు సూచిక తయారు చేస్తోందేమో చూడండి. రాత్రంతా వదిలేస్తే అదే సర్దుకుంటుంది. మూడూ కలిసి అరుస్తుంటే, స్క్రీను వెనక ఉండే, వేడిని కొలిచే సన్నని సెన్సర్ తీగను తిరిగి గుచ్చడం మరిచిపోయి ఉంటారు.

హార్డ్ డిస్కు ఫ్యాను ఒక్కటే నిమిషానికి ఐదు వేల చుట్లు దాటిందా? నన్ను ఏడిపించింది ఇదే. మొదటిసారి ఒక 2011 యంత్రాన్ని మూడుసార్లు విప్పాను. తీగలన్నీ సరిగ్గానే ఉన్నాయి. డిస్కు మీద చెయ్యి పెడితే గోరువెచ్చగా ఉంది. మూడోసారి మూసేటప్పుడు స్క్రీను గాజు కింద ఒక ధూళి రేణువు చిక్కుకుని, తెల్లని పేజీ తెరిచినప్పుడల్లా నన్నే చూసేది.

తప్పు నా బిగింపులో లేదు, డిస్కులో ఉంది. 2011 నమూనాల్లో డిస్కు తన వేడిని కరెంటు కనెక్టర్ ద్వారానే మదర్‌బోర్డుకు చెబుతుంది. అందుకు ప్రత్యేకమైన ఫర్మ్‌వేర్, అంటే డిస్కులోనే ఉండే సాఫ్ట్‌వేర్, కావాలి. బజారులో దొరికే డిస్కులో అది ఉండదు. కబురు రాకపోతే బోర్డు ప్రమాదమనే అనుకుని ఫ్యానును పూర్తి వేగానికి తోస్తుంది. 2009 చివర, 2010 నమూనాల్లో ఇదే పనికి విడిగా తీగ ఉంటుంది, అది డిస్కు తయారీదారును బట్టి మారుతుంది. అంతకు ముందువాటిలో సెన్సర్ డిస్కుకు అంటించి ఉంటుంది. దాన్ని కొత్తదానికి మార్చకుండా పాత డిస్కుతో పారేసినవారిని చూశాను.

మేలైన పరిష్కారం, మధ్యలో సెన్సర్ అమర్చిన కేబుల్. అది దొరక్కపోతే మ్యాక్స్ ఫ్యాన్ కంట్రోల్‌లోనే హార్డ్ డిస్కు ఫ్యానును డిస్కు స్వయంగా చూపే ఉష్ణోగ్రతకు ముడిపెట్టండి: 40 డిగ్రీల దగ్గర వేగం అందుకుని, 55కి గరిష్ఠానికి చేరేలా. ఆన్ చేశాక ప్రోగ్రాం మొదలయ్యే వరకు హోరు వినక తప్పదు. విండోస్ కూడా వాడుతుంటే అందులోనూ విడిగా పెట్టుకోవాలి.

సెన్సర్ తీగలను ఒకదానితో ఒకటి కలిపేసి ఫ్యాను నోరు నొక్కే చిట్కా ఒకటుంది. తిరిగే భాగాలు లేని ఎస్‌ఎస్‌డీ అయితే సరే. తిరిగే డిస్కుకు, అందులోనూ మే నెల చెన్నైలో, నేను చేయను.

బేరింగు అరగడం, రెక్క విరగడం వంటివి అరుదు. అవైతే గరగర శబ్దం వస్తుంది, హోరు కాదు. ఫ్యాన్లను, కరెంటును నియంత్రించే ఎస్‌ఎంసీ చిప్పును రీసెట్ చేసి చూడాలనుకుంటే ప్లగ్గు తీసి 15 సెకన్లు ఆగండి. మళ్లీ గుచ్చాక 5 సెకన్లు ఆగి ఆన్ చేయండి. ఈసారి విప్పితే మాత్రం, గాజు పెట్టే ముందే పది నిమిషాలు నడిపి వినండి.